మూత తీసి చూసేవాడు

కాల్చడం అంటాం గానీ
పొగ ఉండదు, బూడిద ఉండదు.
గిర్రున తిరిగే పళ్లెం మీద
సూదిమొనంత ఎర్రటి వెలుగు
లోపలి అంచు నుంచి వెలుపలికి
ఒకే ఒక్క గీత గీసుకుంటూ పోతుంది.
మధ్యలో తడబడిందా,
పగిలిన గుడ్డే. అతికే పని లేదు.

తార్తులో, నది గడ్డకట్టిన ఈ ఫిబ్రవరిలో
పది డిస్కులు పోగొట్టాను.
పోయినవాటిని హెల్యు సంచిలో వేసుకెళ్తుంది,
ఆపిల్ చెట్లకి వేలాడదీస్తే
వేసవిలో పిట్టలు దగ్గరికి రావట.
"ఇంకో నాలుగు, రైవో! చివరి చెట్టు బోసిగా ఉంది."

మేం చేసేది చూపులేనివాళ్లకి పుస్తకాలు పంపడం.
చదివించి, రికార్డు చేసి, కాల్చి, తపాలాలో.
డిస్కులా, ఈ రోజుల్లోనా? అంటారు.
వాల్గాలో, రిటైరైన రైల్వే మనిషి
ఎండెల్ దగ్గరున్నది మూడు బొత్తాల ప్లేయరు.
ఆ మూడూ ఆయన వేళ్లకి కంఠస్థం.
తేనెటీగల పెంపకం మీద పుస్తకం అడిగాడు.
ఏడో అధ్యాయంలో
రాణి ఈగ పట్టు వదిలి గాలిలోకి లేచి...
అక్కడ ఆగిపోయింది డిస్కు.
"లేచి, ఎటు పోయింది?" అని ఫోను.

మా కాల్చే ప్రోగ్రాం పాతకాలపుది.
డ్రైవుని పేరు పెట్టి పిలవదు.
ఏ వీధి, ఎన్నో ఇల్లు, ఎన్నో గది
అని మూడంకెల చిరునామా అడుగుతుంది,
ఆ వీధులు ఎప్పుడో చెరిగిపోయిన ఊళ్లో.
పైగా, రూట్ హోదా ఇస్తేనే
పని ముట్టుకుంటానంటుంది.
"ఇచ్చెయ్, పీడా పోతుంది" అన్నాడు సిల్వర్,
ఇరవై మూడేళ్లవాడు, అన్నీ త్వరగా అయిపోవాలి వాడికి.
ఇచ్చాను.
పొయ్యి వెలిగించడానికి వచ్చినవాడి మొలకి
ఇంటి తాళాల గుత్తంతా కట్టాను.
జీతాల పట్టీ, పాఠకుల చిరునామాలు,
ఏ గది కావాలంటే ఆ గది.
ఆ రాత్రీ
నాలుగో నిమిషంలో పదకొండోది పోయింది.

అప్పుడు కూర్చుని లాగ్ చదివాను, వరసవరసా.
రెండు సెకన్లకోసారి ఎవరో
డ్రైవు తలుపు తడుతున్నారు.
దొంగ కాదు. డెస్క్‌టాప్‌లోని నౌకరే,
మంచివాడే, అతి వినయం.
"డిస్కు వచ్చిందా? వచ్చిందా?"
అన్నం ఉడుకుతుంటే
మాటిమాటికీ మూత తీసి చూసే పెద్దమనిషి.
డ్రైవుకి ఉన్నది ఒకటే నోరు.
వాడికి "ఆఁ" అనేలోపు
వెలుగు గీత దాటేసింది.

తాళాలన్నీ మొలలో ఉన్నా
లోపలి గడియ వేసుకోవడం
తెలియలేదు ప్రోగ్రాముకి.

మూడు రాత్రులు కోడు తిరగరాశాను.
రూట్ పీకేశాను.
డ్రైవుని కెర్నెల్ పెట్టిన పేరుతోనే పిలిచాను.
దాన్ని ముట్టుకోదగ్గ వాళ్ల గుంపులో
నా పేరు చేర్చాను. ఒక్క తలుపు, ఒక్క తాళంచెవి.
తెరిచేటప్పుడే చెప్పించాను:
అయ్యేదాకా ఇది నా ఒక్కడికే.
నౌకరుకీ నేర్పాను,
గడియ పడి ఉంటే వెనక్కి తిరిగిపొమ్మని.
తట్టకుండా తోసుకొచ్చేవాడికి
ఏ గడియా అడ్డం కాదు కదా.

గుమ్మంలో కెర్నెల్ ఒక్కో ఆజ్ఞనీ
వెలుగులో పట్టి చూస్తుంది.
రాయమంటే సరే. వేగం తగ్గించమంటే సరే.
తయారీవాడు డ్రైవు చెవిలో ఊదిన
రహస్య మంత్రాలు మాత్రం కుదరవంది.
వాటిలో ఒకటి నాకిష్టం,
రాసినదాని నాణ్యత కొలిచి చూపించేది.
బతిమాలి చూశాను. వదులుకున్నాను.
కొంచెం కష్టమే అనిపించింది, దాచడమెందుకు.

మంగళవారం సాయంత్రం నౌకరు వచ్చాడు,
గడియ చూశాడు, పోయాడు.
లాగ్‌లో ఒక్క వరస.
డిస్కు బయటికొచ్చింది,
చాలాసేపు జేబులో ఉన్న నాణెమంత వెచ్చగా.

శుక్రవారం ఎండెల్ ఫోను.
"రాణి తిరిగొచ్చింది" అన్నాడు.
"కానీ చదివినావిడకి జలుబు చేసినట్టుంది,
తొమ్మిదో అధ్యాయం మళ్లీ చదివించండి."

హెల్యు చివరి చెట్టు
ఇంకా బోసిగానే ఉంది.